డయాలిసిస్: ఒక గుమాస్తా లెక్క
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను డాక్టరును కాను, లెక్కలు రాసిన గుమాస్తాను. కనుక లెక్కే చెబుతాను.

ఆసుపత్రి డయాలిసిస్ యంత్రం మామూలుగా నిమిషానికి అర లీటరు ద్రావణం వాడుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు; వారానికి మూడుసార్లయితే 360. నీటిని శుద్ధి చేసేటప్పుడు వృథాగా పోయేది దీనికి అదనం. 1973లో అమెరికాలో వచ్చిన ‘రెడీ’ యంత్రం ఆరు లీటర్ల నీటినే మళ్లీ మళ్లీ శుద్ధి చేసి వాడేది. అది తరువాత వాడుక తప్పింది.

నేడు మనకు అందుబాటులో ఉన్నది సి.ఎ.పి.డి. 1976లో పోపోవిచ్, మాంక్రీఫ్ అనే అమెరికన్లు దీనిని ప్రకటించారు. పొట్టలో అమర్చిన గొట్టం ద్వారా రెండు లీటర్ల ద్రావణం ఎక్కించి, కొన్ని గంటల తరువాత తీసివేసి, కొత్తది ఎక్కిస్తారు. రోజుకు నాలుగు సంచులు, అంటే వారానికి 56 లీటర్లు. యంత్రం లేదు, కరెంటు అక్కరలేదు. సంచులు వెంట ఉంటే మనవరాలి పెళ్లికీ వెళ్లవచ్చు. ఉద్దానం వంటి చోట్ల పల్లెల్లో ఉండేవారికి ప్రయాణాల బాధ తగ్గుతుంది.

అయితే శుభ్రత తప్పితే పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తుంది. బయటికి వచ్చిన ద్రావణం మబ్బుగా ఉన్నా, కడుపునొప్పి, జ్వరం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పొట్టకు పెద్ద ఆపరేషన్లు జరిగినవారికి ఇది కుదరకపోవచ్చు. సంచుల ఖర్చు ముందే విచారించుకోవాలి.

నా మనవి ఒకటే. మన ఇళ్లలో ఎవరికైనా డయాలిసిస్ అవసరమని చెబితే, “పొట్ట ద్వారా చేసేది మాకు పనికివస్తుందా?” అని డాక్టరుగారిని తప్పక అడగండి. ఎంచుకునే హక్కు రోగిది.