ఎవరెస్ట్ దారికి ఆరు నెలలు

 

నన్ను ఎవరెస్ట్ ఎక్కినవాడని పరిచయం చేశారు. ముందు ఆ మాట సరిచేయాలి. శిఖరం ఎత్తు 8,848 మీటర్లు. మేం బయల్దేరింది 5,364 మీటర్ల దగ్గరున్న బేస్ క్యాంపుకి. నేను అక్కడికీ చేరలేదు. ఎందుకు చేరలేదో చెప్పడానికే ఒప్పుకుని వచ్చాను.

మన బ్యాచ్ వాళ్ళం నలుగురం. అందరికీ యాభై దాటాయి. ఆరు నెలల ముందు మొదలుపెట్టాం. మా అపార్ట్‌మెంట్ తొమ్మిది అంతస్తులు. వీపు సంచిలో ఎనిమిది కిలోల నీళ్ళ సీసాలు పెట్టుకుని రోజూ ఐదుసార్లు ఎక్కి దిగేవాణ్ణి. లిఫ్టు పాడైందా సార్ అని వాచ్‌మన్ వారం రోజులు అడిగాడు. ఎక్కడం గుండెకు పని, దిగడం మోకాళ్ళకు పని. చాలామంది రెండోది మర్చిపోతారు. ఆదివారాలు భువనగిరి ఖిల్లా. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట రాళ్ళెక్కడం నేర్చుకుంది ఆ బండ మీదే. అప్పటికి పూర్ణకు పదమూడేళ్ళు!

బూట్లు రెండు నెలల ముందే కొని అరగదీశాం. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు తన్నుకుంటాయి, అందుకని అరసైజు పెద్దవి. నూలు బనియన్లు వద్దు, చెమటకి తడిసి ఆరవు. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాం. డయామాక్స్ మాత్ర గురించి డాక్టరునే అడిగాం. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

హైదరాబాదులో ఎంత మెట్లెక్కినా సాధన చేయలేనిది ఒకటుంది. పైన గాలిలో ఆక్సిజన్ వంతు ఇక్కడిలాగే 21 శాతం, కానీ బేస్ క్యాంపు దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే. దానికి ఒళ్ళు అలవాటు పడడానికి రోజులు కావాలి. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రోజు కంటే ఐదు వందల మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. అందుకే 3,440 మీటర్ల నామ్చేలో రెండు రాత్రులు, 4,410 మీటర్ల డింగ్‌బోచేలో రెండు రాత్రులు. కాంక్రీటుకు క్యూరింగ్ లాంటిదే ఇది, మేస్త్రీని ఎంత తిట్టినా ముందుగా గట్టిపడదు. ఇంకో సంగతి, కండబలం ఉన్నవాడికి ఎత్తు జబ్బు రాదన్న గ్యారంటీ ఏమీ లేదు.

నలుగురిలో ముందు నడిచింది నేనే. ఆఖర్న మన గూడ్సు బండి. డ్రిల్లు మాస్టారి పరుగుపందేల్లో ఎప్పుడూ చివర వచ్చేవాడు కదా, వాడే. డింగ్‌బోచేలో నాకు తలనొప్పి మొదలైంది, అన్నం సహించలేదు. దుమ్ము వల్ల అన్నాను. దొంగచాటుగా నొప్పి మాత్ర వేసుకున్నాను. గైడు సాయంత్రం అందరినీ అడిగితే, ఫస్ట్‌క్లాస్ అన్నాను.

మర్నాడు లోబుచే, 4,940 మీటర్లు. దారిలో థుక్లా కనుమ మీద, ఎవరెస్ట్ మీద పోయినవాళ్ళ స్మారకాలు వరసగా ఉంటాయి. వాటి ముందు ఫొటో కూడా దిగాను. ఆ రాత్రి వాంతికి లేచి, గోడ పట్టుకోకుండా నిలబడలేకపోయాను. పక్క మంచం మీదున్న గూడ్సుగాడు చూసి గైడుని లేపాడు. మడమకు బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నాలుగడుగులు వేయమన్నాడు గైడు. రెండో అడుగుకే తూలాను. అప్పటికీ నేను, "పొద్దున్నే చూద్దాం, ఇంకొక్క రోజేగా" అంటూనే ఉన్నాను.

"ఒరేయ్, నీ కాళ్ళతో దిగుతావా, మోసుకెళ్ళమంటావా?" అన్నాడు వాడు.

తలకు లైట్లు కట్టుకుని, నన్ను చెరో రెక్క పట్టుకుని గైడు, వాడు ఫెరిచేకి దించారు. అక్కడి వైద్య కేంద్రంలో ఆక్సిజన్ పెట్టారు. మెదడులో వాపు మొదలైందని, తెల్లారేదాకా పైనే ఉంటే చెప్పలేమని అన్నారు డాక్టరు. గూడ్సు బండికి ఆ రోజు వరకూ చిన్న తలనొప్పి కూడా లేదు. ఈ ప్రయాణం కోసం రెండేళ్ళు చీటీ కట్టాడు. హాయిగా చేరాల్సినవాడు నా అబద్ధం వల్ల వెనక్కి వచ్చాడు. మిగతా ఇద్దరి ఫొటో ఈ సంచికలో ఉంది. అందులో మేమిద్దరం లేం.

ఇంటికొచ్చాక మా ఆవిడకు డింగ్‌బోచే సంగతి చెప్పడానికి నాకు నెల పట్టింది. వాడు మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మూడో వరసలో తల దించుకుని కూర్చున్నాడు, చూడండి.

వచ్చే అక్టోబరులో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి వాడు ముందు, నేను వెనక. రోజూ సాయంత్రం తలనొప్పి ఉందో లేదో ఒకరికొకరం చెప్పుకోవాలన్నది మా ఆవిడ పెట్టిన షరతు. రావాలనుకునేవాళ్ళు వచ్చే ఆదివారం పొద్దున్నే భువనగిరి ఖిల్లా దగ్గర కలవండి. బూట్లు మాత్రం ఇప్పుడే కొనుక్కోండి.