రిపోర్టు నార్మల్ అన్నాక
(చౌటుప్పల్‌లో మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

 రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడమన్నారు. మగపిల్లలు తల దించుకోవాల్సిన మాట కాదిది. మీ యాడిని బస్సెక్కించి హైదరాబాద్ తీసుకపోయేది మీరే, రిపోర్టు చదివి చెప్పేది మీరే. వెనక కూర్చున్నవాళ్ళు కొంచెం ముందుకు జరగండి.

నాకు 46 ఏళ్ళు. టీచర్ని. మూడేళ్ళ కింద మామోగ్రాం తీయించుకుంటే నార్మల్ అని కాగితం ఇచ్చారు. ఎనిమిది నెలలకు ఎడమ రొమ్ములో ఒకచోట చర్మం లోపలికి గుంజుకున్నట్టు, ఆ భాగం దళసరి అయినట్టు అనిపించింది. గడ్డలాగా చేతికి తగల్లేదు. "మొన్ననే నార్మల్ వచ్చింది గదమ్మా" అని ఒక దవాఖానలో తిప్పి పంపారు. ఇంకోచోట అల్ట్రాసౌండ్ తీసి, సూదితో ముక్క తీసి చూస్తే క్యాన్సర్. అప్పటికే చంకలోని గ్రంథులకు పాకింది.

మరి మొదటి ఫిల్ములో ఎందుకు పడలేదు? నేనూ అదే అడిగాను. మామోగ్రాంలో కొవ్వు నల్లగా కనబడుతుంది, పాలగ్రంథులు తెల్లగా కనబడతాయి. క్యాన్సర్ కూడా తెల్లగానే ఉంటుంది. కొందరిలో కొవ్వు తక్కువ, గ్రంథులు ఎక్కువ. దాన్ని డెన్స్ బ్రెస్ట్ అంటారు. పత్తి కుప్పలో కోడిగుడ్డు వెతికినట్టే. వయసులో ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ. తడిమితే తెలిసేది కాదు, ఫిల్ములోనే తెలుస్తుంది. పైగా నాది లోబ్యులర్ రకం. అందులో కణాలు ముద్దగా చేరకుండా చీమలబారులా ఒకదాని వెనక ఒకటి పోతాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ చెప్పేదాని ప్రకారం, పరీక్ష నాటికి ఉన్న క్యాన్సర్లలో నూటికి 20 దాకా మామోగ్రాంకు దొరకవు.

మన చౌటుప్పల్, నారాయణపురం వాళ్ళకు ఈ సంగతి అర్థం కావడం కష్టం కాదు. ఫ్లోరైడ్ నీళ్ళు కూడా గ్లాసులో తేటగానే కనబడేవి గదా.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో నాన్సీ కాపెల్లో అని ఒకామె ఉండేది. 2004లో మామోగ్రాం నార్మల్ అన్న కొన్ని వారాలకే ఆమెకు ముదిరిన క్యాన్సర్ బయటపడింది. డెన్స్ అన్న సంగతి డాక్టర్ల కాగితాల్లో ఉంది, ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె పోరాడితే 2009లో ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది. 2018లో ఆమె చనిపోయింది. 2024 సెప్టెంబర్ నుంచి అమెరికా అంతటా ఆ సంగతి ప్రతి మహిళకూ రాసి ఇవ్వాల్సిందే. మన దగ్గర అడిగి తెలుసుకోవాలి. ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలుంటాయి. సీ గానీ డీ గానీ అయితే, అల్ట్రాసౌండ్ కూడా అవసరమా అని డాక్టర్‌ని అడగండి.

ఇదంతా విని క్యాంపులు దండగ అనుకునేరు. మన తండాల్లో 30 దాటిన ఆడవాళ్ళకు జరిగే పరీక్ష మామోగ్రాం కాదు, నర్సమ్మ చేత్తో చూసేదే. దాన్ని తక్కువ చేయొద్దు. ముంబైలో లక్షన్నర మంది మహిళల మీద 20 ఏళ్ళు నడిచిన అధ్యయనంలో, చేత్తో చేసే పరీక్ష వల్ల 50 దాటినవాళ్ళలో మరణాలు దాదాపు నూటికి 30 తగ్గాయి. వెళ్ళండి, పంపండి. రెండు పరీక్షల మధ్య ఏదైనా మార్పు కనబడితే మాత్రం పాత కాగితం పక్కనపెట్టి మళ్ళీ చూపించాలి.

వైద్యం సంగతి తొందరగా చెప్తా. ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్ నుంచి పది లక్షల దాకా. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జే. సర్కారు క్యాన్సర్ దవాఖానే. కీమోకు వెంట్రుకలు పోయాయి, మళ్ళీ వచ్చాయి.

నాకు కష్టమైంది చేయి. చంకలో గ్రంథులు తీశాక ఎడమ చేయి ఉబ్బుతుంది. బిగుతు గాజులు వద్దన్నారు. మనలో దండచేతి తెల్లగాజులు తీయడమంటే ఏమిటో మీకు తెలుసు, మొగుడు పోయిన ఆడదే తీస్తుంది. పెళ్ళినాడు వేసినవి ఆపరేషన్ ముందు తీస్తుంటే మా అత్త గోడకు తిరిగి ఏడ్చింది. మా ఆయన బతికే ఉన్నాడు, పక్కనే నిలబడి చూస్తున్నాడు. తర్వాత అత్తే తండాలో అందరికీ చెప్పింది, "దవాఖాన వాళ్ళు తీయించిండ్రు, ఎవరూ ఏమనొద్దు" అని. ఇప్పుడు కుడి చేతికే వేసుకుంటున్నా. పెద్దవాళ్ళు అలవాటు పడ్డారు.

ఒక చెల్లె చీటీ పంపింది: "అక్కా, మీ బిడ్డకు కూడా వస్తుందా?" అని. నూటిలో ఐదు నుంచి పది మందికే ఇది వంశం నుంచి వచ్చిన జన్యువు వల్ల వస్తుంది. నాకు ఆ రక్తపరీక్ష చేశారు, అలాంటిదేమీ లేదన్నారు. మా బిడ్డ డిగ్రీ చదువుతోంది. నా రిపోర్టులన్నీ ఆమె ఫోన్‌లోనే ఉంటాయి, నాకంటే ముందు ఆమే చదువుతుంది.

పోయిన నెల స్కాన్ అయింది. నార్మల్ అని రాసిచ్చారు. ఆ మాట చూసి మా బిడ్డా నేనూ నవ్వుకున్నాం. ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. టామాక్సిఫెన్ గోళీ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటూనే ఉన్నా.