కాలం పూసిన పువ్వే మన పెట్టుబడి
(సమాఖ్య వార్షిక మహాసభలో పూల అలంకరణ ఉపాధిపై చేసిన ప్రసంగ పాఠం)



మన గ్రూపుల్లో చాలామందికి పూలు కట్టడం వచ్చు. మూరలు కట్టి అమ్మేవాళ్లున్నారు, గుళ్లకి దండలు ఇచ్చేవాళ్లున్నారు. ఇప్పుడు కొందరు బొకేలు, స్టేజీ అలంకరణలు కూడా మొదలుపెట్టారు. పని దొరుకుతోంది, మంచిదే. కానీ సాయంత్రానికి లెక్క చూసుకుంటే పూలకి పెట్టిన పైసలే తిరిగొస్తున్నాయి తప్ప చెయ్యి చాకిరీకి ఏమీ మిగలడం లేదని చాలామంది అంటున్నారు. బ్యాంకు లోను కిస్తీ మాత్రం నెలనెలా కట్టాల్సిందే. కాబట్టి ఈ రోజు నేను అందమైన డిజైన్ల గురించి కాకుండా, ఏ పువ్వు కొంటే మనకి మిగులుతుంది, ఏది కొంటే మునుగుతాం అన్నది చెప్తాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ నేల మీద ఈ నెలలో పూసేదాన్నే ముందు పెట్టుకోవాలె. దూరం నుంచి వచ్చే పువ్వు అవసరమైతే ఒకటి రెండు చాలు.

బతుకమ్మే మన బడి

పూల డిజైన్ నేర్చుకోవాలంటే వేలు పెట్టి కోర్సు చెయ్యాలని కొందరు అనుకుంటున్నారు. కోర్సు మంచిదే, వద్దనను. కానీ ఏటా పెతర అమావాస్య నుంచి తొమ్మిది రోజులు మనం ఏం చేస్తున్నామో ఒకసారి చూడండి. తాంబాళంలో ఆకులు పరుస్తాం. చుట్టూ తంగేడు వరస, దాని మీద గునుగు, ఆపైన బంతి, కట్లపూలు, పట్టుకుచ్చు. కాడలన్నీ లోపలికి, మొహాలన్నీ బయటికి. వరస వరసకీ కొంచెం లోపలికి జరుపుతూ పోతాం. మధ్యలో గుంత పడకుండా ఆకుల ముక్కలు కూరుతాం.

అందులో నాలుగు పాఠాలున్నాయి. మొదటిది, అడుగు వెడల్పుగా, బరువుగా ఉండాలె, అప్పుడే ఎత్తు నిలబడుతుంది. రెండోది, వరసకి ఒకే రంగు. అన్ని రంగులూ ఒకేచోట కలిపితే దూరం నుంచి చూసేవాళ్లకి ఏ రంగూ కనబడదు. స్టేజీ అలంకరణకి ఈ సూత్రం మరీ ముఖ్యం. మూడోది, కడుపు నింపేది ఆకు, కనబడేది పువ్వు. లోపల కూడా పూలే కూరితే ఖర్చు రెట్టింపు. నాలుగోది, పూలు ముందే కోసి నీళ్లలో పెట్టడం. మొదటి రోజుని ఎంగిలిపూల బతుకమ్మ అంటాం కదా. ముందు రోజే కోసి నీళ్లలో ఉంచిన పూలతో పేరుస్తారు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు పెద్దలు చెప్తారు. కోసిన పువ్వు కడుపునిండా నీళ్లు తాగాకే అలంకరణకి వాడాలని ఇప్పుడు పెద్ద పెద్ద పూల షాపుల్లో నేర్పేది కూడా ఇదే.

గునుగు గురించి ఇంకో మాట. గునుగు, పట్టుకుచ్చు ఒకే కుటుంబం. రెండూ ఎండినా రాలవు, ఆకారం పోదు. పండగ అయిపోయాక మిగిలిన గునుగుని కట్టలు కట్టి, తలకిందులుగా నీడన వేలాడదీస్తే తర్వాత బొకేల్లోకి పనికొస్తది. రంగు అద్దని గునుగు కూడా తెల్లగా, కొస గులాబీ రంగుతో చాలా బాగుంటది. పొలం గట్ల మీద కలుపు మొక్కని పారేసేదానికి ఇక్కడ విలువ ఉంది.

ఏ కాలంలో ఏమి

ఉగాదికి మామిడాకు, వేపపువ్వు. అప్పటికే మల్లె మొదలవుతుంది. ఎండాకాలమంతా మల్లెదే రాజ్యం. పొద్దున కోసిన మొగ్గ సాయంత్రం విచ్చుకుంటది కాబట్టి మధ్యాహ్నంలోపు కట్టడం అయిపోవాలె. అశోక్‌నగర్‌లో కోచింగ్‌కి వచ్చే ఆడపిల్లల హాస్టళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. సాయంత్రం పూట చిన్న మూరకి అక్కడ గిరాకీ ఉంటది.

ఆషాఢంలో బోనాలు. బోనం కుండకి వేపరెమ్మలు, పసుపు బంతి. శ్రావణంలో జాజులు. ఇక వినాయక చవితి. ఇరవై ఒక్క రకాల పత్రితో పూజ చేసే మనకి ఆకు విలువ ఇంకొకరు చెప్పాలా? మాచిపత్రి, మరువం, మారేడు, జమ్మి, గరిక. ఒక్కో ఆకుది ఒక్కో పచ్చదనం, ఒక్కో వాసన. మరువం, దవనం రెమ్మలు నాలుగు పెట్టి చూడండి, మామూలు బొకే కూడా చేతిలోకి తీసుకోగానే వాసన పట్టిస్తది.

బతుకమ్మ, దసరాకి తంగేడు, గునుగు, బంతి. తంగేడు మన రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం. కార్తీకం నుంచి చలికాలమంతా చామంతి, లిల్లీ, కాగడాలు. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద బంతి, గుమ్మడిపూలు. ఫాల్గుణంలో ఊళ్ల దిక్కు మోదుగ పూస్తది.

ఈ పట్టికని ప్రతి గ్రూపు గోడకి అంటించుకోవాలని నా మనవి. ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఫోన్‌లో ఫొటో చూపించి “ఇట్లాంటిదే కావాలె” అంటారు. ఆ ఫొటోలో ఉండే పువ్వు బెంగళూరు, హోసూరు దిక్కు నుంచి లారీలో రావాలె. లగ్గాల సీజన్‌లో దాని ధర మన చేతిలో ఉండదు. “ఈ నెలలో ఇది ఉంది అమ్మా, ఇదే రంగుల్లో చేసిస్తాం” అని మన ఫొటో మనం చూపించగలగాలె. అందుకే చేసిన ప్రతి పనిని పగటి వెలుతురులో ఫొటో తీసి దాచుకోండి.

కొనుగోలు ఎట్ల

ఒకప్పుడు జాంబాగ్‌లో ఉన్న టోకు పూల మార్కెట్ ఇప్పుడు గుడిమల్కాపూర్‌లో ఉంది. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ దిక్కు రైతుల పూలు అక్కడికే వస్తాయి. ఒక్కొక్కరు పావుకిలో కోసం ఇక్కడి చిల్లర దుకాణంలో కొనే బదులు, నాలుగు గ్రూపులు కలిసి ఒక ఆటో మాట్లాడుకుని తెల్లారుజామున పోయి రండి. పండగ ముందు రోజు ధర ఆకాశంలో ఉంటది. అందుకే పండగ ఆర్డర్లకి ముందే అడ్వాన్స్ తీసుకుని, ధర రాసి సంతకం పెట్టించుకోవాలె.

ఆకుకి మాత్రం మార్కెట్‌కి పోనవసరం లేదు. మన కాలనీల్లో పాత ఇళ్లలో మామిడి, క్రోటన్, నందివర్ధనం ఉంటాయి. వాటిని కత్తిరించినప్పుడు కొమ్మలు చెత్తబండికే పోతాయి. ఇంటావిడని ముందుగా అడిగి పెట్టుకుంటే మనకిస్తది. అడగకుండా మాత్రం ఒక్క రెమ్మ తుంచొద్దు. ఇందిరా పార్కులో అసలే తెంపొద్దు, అది అందరిదీ.

ఒక జాగ్రత్త. గన్నేరులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. భోజనం బల్లల మీద, ప్రసాదం పళ్లాల పక్కన, చిన్నపిల్లలు ఆడే చోట పెట్టొద్దు. క్రోటన్, నందివర్ధనం కోసినప్పుడు పాలు కారుతాయి. చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోవద్దు.

డాబా మీద రెండు పనులు

డాబా ఉన్నవాళ్లు కుండీల్లోనే కొంత పెంచుకోవచ్చు. బంతి విత్తనం వేసిన రెండు నెలలకి అటూ ఇటుగా పూస్తది. దసరాకి కావాలంటే జులై దాటకుండా వెయ్యాలె. మొక్క జానెడు దాటాక తల తుంచితే కొమ్మలు ఎక్కువ వేస్తది. చామంతికి ఇంకో కిటుకు ఉంది. రాత్రి పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతుంది. అందుకే చలికాలం పువ్వు అయింది. కుండీ మీద రాత్రంతా వీధిలైటు పడితే మొక్క పచ్చగా పెరుగుతుంది కానీ పూత ఆలస్యమైతది. ఎరువు తక్కువైందనుకుని ఖర్చు పెట్టకండి, ముందు కుండీని చీకట్లోకి జరపండి.

ఫోమ్ వద్దు, అరటి బోదె ముద్దు

బొకేల్లో పచ్చ రంగు స్పాంజి లాంటిది గుచ్చుతారు కదా, దాన్ని ఫ్లోరల్ ఫోమ్ అంటారు. 1954లో అమెరికాలో తయారైంది. అది ప్లాస్టిక్ జాతిదే. మట్టిలో కలవదు, పొడి పొడి అయి నీళ్లలో మిగిలిపోతది. మన పక్కనే హుస్సేన్‌సాగర్ ఉంది, దాని గతి మనకి వేరే చెప్పాలా? దానికి బదులు అరటి బోదె ముక్క తీసుకోండి. మేకుతో రంధ్రం చేసి కాడ గుచ్చితే దాని తడితోనే ఒక పూట నిలబడుతుంది. వెడల్పు గిన్నె అయితే కోళ్ల జాలీని ముద్దలా నలిపి పెట్టండి, ఆ సందుల్లో కాడలు నిలుస్తాయి. జాలీ కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. దండకి నైలాన్ దారం బదులు అరటినార వాడితే పని అయ్యాక మొత్తం కంపోస్టుకి పోతది.

చేతిపనికి ధర

ఇప్పుడు అసలు విషయం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ లాంటి చోట్ల సన్మానాలు, పుస్తకావిష్కరణలు ఎప్పుడూ నడుస్తుంటాయి. అక్కడికి ఒక బొకే చేశారనుకోండి. అర్థం కావడానికి ఉదాహరణ చెప్తున్నాను. పూలు 60 రూపాయలు. ఆకు ఊరికే వచ్చినా తెచ్చిన శ్రమకి 10. నార, బుట్ట 20. ఆటోలో వాటా 15. వాడిపోయిన పూల నష్టం 15. ఇక్కడికి 120. నలభై నిమిషాల పనికి గంటకి 60 చొప్పున 40 రూపాయలు. మొత్తం 160. మీరు 150కి ఇస్తే చేతిలో నోట్లు కనబడతాయి, సంతోషం అనిపిస్తది. కానీ పది రూపాయలు మీ కూలీలోంచి పోయాయి. రోజుకి పది బొకేలైతే వంద రూపాయలు. అదే 200కి ఇస్తే 40 మిగులు, దాంతో కిస్తీ నడుస్తది.

ఒక ఫంక్షన్ హాల్‌లో మా గ్రూపు వాళ్లం గునుగు, బంతి, మామిడాకుతో స్టేజీ చేశాం. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పైసలు ఇచ్చేటప్పుడు మాత్రం అక్కడి మేనేజరు “పొలం పూలే కదమ్మా” అని ఒప్పుకున్నదాంట్లో సగమే చేతిలో పెట్టాడు. మేం రాసిన కాగితం చూపించాం, గంటసేపు అక్కడే కూర్చున్నాం. మిగతాది ఇచ్చాకే లేచాం. పొలం పువ్వుకి ధర తక్కువ కావచ్చు. కానీ తెల్లారుజామున లేచి తెచ్చి, కాడ కాడ చూసి గుచ్చిన చేతికి తక్కువ కాదు. ఆ మాట మనం ముందు నమ్మితేనే ఎదుటివాళ్లు నమ్ముతారు.

చివరగా ఈ ఏడాదికి సమాఖ్య ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, పూల పని చేసే గ్రూపులన్నీ కలిసి ఉమ్మడిగా కొనాలె. రెండు, ఒకే ధరల పట్టిక ఉండాలె, దాంట్లో కూలీ వరస తప్పకుండా ఉండాలె. ఒకరు తగ్గించి ఇంకొకరి పని గుంజుకోవద్దు. మూడు, ఈ బతుకమ్మకి విత్తిన తంగేడు, గునుగు గింజలు పండగ తర్వాత ఏరి, ఎండబెట్టి, పొట్లాలు కట్టి గ్రూపుకొకటి పంచుకోవాలె. అడవి తంగేడు కోసేటప్పుడు కొన్ని పూలు చెట్టుకే వదిలేయండి, అవి కాయలైతేనే వచ్చే ఏడు మనకి పువ్వు.

ధరల పట్టిక నమూనా బయట బల్ల మీద పెట్టాం, పోయేటప్పుడు గ్రూపు లీడర్లు తలా ఒకటి తీసుకుని పోండి.