అమ్మకమునకు మూలము నమ్మకము



విశాఖపట్టణమునకు 1933లో ఓడరేవు వచ్చినది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. పిమ్మట ఋషికొండపై కంప్యూటరు సంస్థల కార్యాలయములు వెలసినవి. ఖనిజమును తూచవచ్చును, ఉక్కును కొలవవచ్చును. కంప్యూటరును నడుపు సాఫ్టువేరును తూచుటకు త్రాసు లేదు. కొనువారు అమ్మువారి మాటనే తూచుదురు.

ఈ వృత్తి స్త్రీలకు క్రొత్తది కాదు. అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ 1935లోనే పట్టభద్రులైన స్త్రీలకు శిక్షణ నిచ్చి, కొన్నవారికి యంత్రముల వినియోగము నేర్పుటకు నియమించినది. 1939లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనశాలలో విద్యుత్ టైపు యంత్రమును చూపిన రూత్ లీచ్ అను యువతి, పిదప ఆ సేవలోనే పనిచేసి, 1943లో ఆ సంస్థకు తొలి మహిళా ఉపాధ్యక్షురాలైనది.

ఈ పనికి పూనుకొన్న స్త్రీ మొదట వినవలెను. గుమాస్తా లెక్క ఎచ్చట చిక్కుపడునో, గిడ్డంగిలో సరకు లెక్కకు ఎందుకు తేలదో తెలిసికొనవలెను. "ఇది మీకు పనికిరా"దని చెప్పినచో ఆ నెల అమ్మకము పోవును. పై అధికారి కోపించును. కాని ఆ మాట విన్నవారు పదేండ్ల పిమ్మట కూడ ఆమెనే పిలుతురు. మార్చి 31 రాత్రి వారి లెక్కలు ముగియనపుడు ఫోను తీయుటయు అమ్మకములో భాగమే.

చదువుకొన్న ఆడపిల్ల ఊరూర తిరిగి అమ్ముట పరువు తక్కువయని తలంచువారు ఇంకను కలరు. జాలరిపేట స్త్రీ గంప నెత్తిన బెట్టుకొని వాడుక యిండ్లకు పోవునది ఈ విద్యతోనే. పరువు సరకులో లేదు. చెప్పిన మాట నిలుపుకొనుటలో నున్నది. ఈ గ్రంథాలయమున చదువు బాలికలలో నెవరైన ఆ వృత్తి కోరినచో పెద్దలు అడ్డు చెప్పకుందురు గాక!