రొయ్యల లెక్క, పడవలో పుస్తకం

 బి.ఇడి. పట్టా అందుకున్న మీకందరికీ అభినందనలు.

ఇక్కణ్ణుంచి మీలో చాలామంది అవనిగడ్డ బస్సెక్కుతారని నాకు తెలుసు. డీఎస్సీ కోచింగ్ అంటే మనవైపు ముందు గుర్తొచ్చేది ఆ ఊరే కదా! 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి. మళ్లీ ఎప్పుడు పడినా సిద్ధంగా ఉండాలి, తప్పకుండా వెళ్లండి. పియాజే, వైగాట్‌స్కీ బిట్లు అక్కడ బాగానే చెబుతారు. బిట్ల పేపర్లో రాని సంగతి ఒకటుంది, నేను దాని గురించి మాట్లాడతాను. పిల్లల చదువులో ఇంటి వాటా ఎలాంటిదని.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే మీకో మాట వినపడుతుంది. “మాకేం తెలుసు మాస్టారూ, అంతా మీరే చూసుకోవాలి.” బెజవాడ వన్‌టౌన్ కొండమీది ఇంటి నుంచి మెట్లు దిగొచ్చిన తల్లీ ఇదే అంటుంది, కైకలూరు దగ్గర చేపల చెరువు గట్టుమీద కాపలా ఉండే తండ్రీ ఇదే అంటాడు. స్టాఫ్‌రూంలో దీనికి జోడీ మాట ఒకటుంటుంది. “ఇంటి దగ్గర పట్టించుకోరండీ.” పైకి ఒకరి మీద ఒకరు చెప్పుకున్నట్టున్నా ఇద్దరి నమ్మకం ఒకటే, ఆ ఇంట్లో చదువు లేదని. నేను ఒప్పుకోను.

బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల దగ్గర పెరిగే ఐదో తరగతి పిల్లను అడిగి చూడండి, వంద కౌంటుకి రేటెక్కువా, యాభై కౌంటుకా అని. కిలోకి వంద తూగితే వంద కౌంటు, యాభై తూగితే యాభై కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. తడుముకోకుండా చెబుతుంది. వంద కౌంటు రొయ్య పది గ్రాములు, యాభై కౌంటుది ఇరవై అని కాసేపట్లో తనే లెక్క కడుతుంది. అదే పిల్ల ఎనిమిదో తరగతిలో విలోమానుపాతం దగ్గర బిక్కమొహం వేస్తుంది. పాఠంలో ఇంతమంది కూలీలు గోడను ఇన్ని రోజుల్లో కడితే అని ఉంటుంది మరి. రొయ్య ఎక్కడా కనపడదు. ధాన్యం సంగతీ అంతే. మనవైపు బస్తా 75 కిలోలు, మద్దతు ధరేమో క్వింటాకి చెబుతారు. కౌలు రైతు ఇంట్లో మూడు బై నాలుగు భిన్నం రోజూ నోటిలెక్కగా నడుస్తూనే ఉంటుంది, ఆ పేరు తెలియకుండా.

1990ల మొదట్లో అమెరికాలోని అరిజోనాలో లూయిస్ మోల్, ఆయన సహచరులు కలిసి టీచర్లను మెక్సికన్ శ్రామికుల ఇళ్లకు పంపారు. చదువు చెప్పడానికి పంపలేదు, ఆ ఇళ్లల్లో వాళ్లకు ఏమేం తెలుసో కనుక్కురమ్మన్నారు. సేద్యం, ఇళ్లు కట్టడం, బేరసారాలు, ఇంటి వైద్యం, ఇవన్నీ తరువాత తరగతి పాఠాల్లోకి వచ్చాయి. అలా ఒక ఇంటికి వెళ్లిరావడానికి మీకు పరిశోధన గ్రాంటు అక్కర్లేదు, సాయంత్రం ఓ గంట చాలు.

ఇంటిని మాత్రం రెండో బడి చేయకండి. ట్యూషన్లకూ స్టడీ అవర్లకూ పేరుపడ్డ ఊళ్లో నిలబడి ఈ మాట అంటున్నాను. తండ్రి అర్థం చేసుకోలేని ప్రాజెక్టు పని ఇస్తే ఆయన నెట్ సెంటరుకెళ్లి ప్రింటు తీయించుకొస్తాడు, అంతే. దాని బదులు వినమనండి, అది అందరూ చేయగలిగిన పని. పిల్ల తెలుగు వాచకంలో ఒక పేజీ పైకి చదువుతుంటే కూర తరుగుతూ వినొచ్చు. అక్షరం రాని అమ్మకైనా బిడ్డ ఎక్కడ తడబడిందో చెవికి తెలిసిపోతుంది. తరువాత ఏమైందని ఆవిడ అడిగితే, ఆ పూటకి అంతకంటే మంచి హోంవర్కు నాకు తెలియదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా సర్కారు బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. పండగలా జరిగింది, మంచిదే. అలాంటి మీటింగులో మీ ఎదుట కూర్చునే తల్లి ఆ పూట కూలి వదులుకుని వచ్చి ఉండొచ్చు. మొదటి మాట మార్కులు కాకుండా చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వాళ్లను మినిట్స్ బుక్కులో సంతకానికే పిలుస్తున్నారేమో గమనించండి.

ఇక పుస్తకాలు. 1914 ఏప్రిల్ 10న ఇదే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. 1935లో, నదికి ఆవల పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు ఏకంగా పుస్తకాలను పడవెక్కించారు. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవ మీద పుస్తకం ఊరూరికీ వెళ్లింది. ఆనాటికి ఆ ఊళ్లల్లో చదువొచ్చినవాళ్లు ఎంతమంది? అయినా పంపారు.

ఇప్పుడు బడికి రంగుల బొమ్మల పుస్తకాలు వస్తాయి. వచ్చి హెచ్చెం గదిలో బీరువాలో ఉంటాయి. పోతే ఎవరు కట్టాలి, స్టాక్ రిజిస్టరులో ఏం రాయాలి, ఇదీ భయం. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎందరి పుస్తకాలు నానిపోయాయో చూశాం. అయినా మీరు చేరగానే ఆ తాళంచెవి అడగండి. శనివారం పిల్లకో పుస్తకం ఇచ్చి పంపండి. సోమవారం ఆ కథ ఇంట్లో ఎవరికి చదివి వినిపించారో అడగండి. ఏడాది తిరిగేసరికి కొన్ని పోతాయి, కొన్ని చినుగుతాయి. రిజిస్టరులో వాటి ఎదురుగా “పిల్లలు చదవగా చినిగినవి” అని రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టండి.