మిద్దెమీది పెట్టుబడి



శుద్ధశక్తి పరిశ్రమలలో నూతన కల్పనలకును పెట్టుబడులకును గల అవకాశములనుగూర్చి నేడు దేశమంతట చర్చ జరుగుచున్నది. అది కోటీశ్వరుల ముచ్చటయని మనము చెవులు మూసికొనరాదు.

మనచుట్టును ఏమి జరిగినదో చూడుడు. 2022లో రామగుండము జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రము పూర్తిగా పనిచేయ నారంభించినది. 2023లో బాహ్యవలయ రహదారి ప్రక్కన సుమారు 23 కిలోమీటర్ల సైకిలుబాటకు సౌరఫలకములే పైకప్పైనవి. ఆ యేడే మహబూబునగరు చెంత దివిటిపల్లిలో అమరరాజావారి 9,500 కోట్ల రూపాయల బ్యాటరీ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది.

ఇవి పెద్దల పనులు. మన పనియేది? మన నిజాంపేటలో ప్రతి మేడకును మిద్దె కలదు. మిద్దెపై ఎండ కలదు. ఆ ఎండ వృథాపోవుచుండ, క్రింద లిఫ్టుకును నీటిమోటారుకును నెలనెల బిల్లు కట్టుచున్నాము! నీడలేని నూరు చదరపుటడుగులలో ఒక కిలోవాటు ఫలకములు పట్టును. దినమునకు సుమారు 4 యూనిట్ల కరెంటు వచ్చును. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన సూర్యఘర్ పథకమున విడియింటికి 78,000 రూపాయలవరకును, నివాస సంఘముల ఉమ్మడి అవసరములకు కిలోవాటొక్కింటికి 18,000 రూపాయలును సహాయము నిర్ణయింపబడినది.

అయినను మిద్దెలు బోసిగనే యున్నవేల? ధనలోపమున కాదు, ఐకమత్యలోపమున. మిద్దె అందరిది, కావుననే ఎవ్వరిదియు కాకున్నది. పై అంతస్తువారికి కప్పు కారునను భయము. అద్దెవారికి మనకేల యను ఉపేక్ష. పరదేశముననున్న యజమానికి తీరిక లేమి.

ఫలకములు బిగించినంతనే స్వావలంబనము సిద్ధింపదు. లిథియం బ్యాటరీల సెల్లులు నేటికిని పెద్దపాలు చీనానుండియే వచ్చుచున్నవి. మన బాచుపల్లిలో ఇంజనీరింగు కళాశాలలున్నవి, రాయదుర్గమున టీహబ్బున్నది. పరదేశముల కంపెనీలకు రేయింబవళ్లు పనిచేయు మన యువకుల మేధస్సు, దుమ్ముపట్టిన ఫలకమును నీరు వ్యయముచేయక శుభ్రపరచుటకును, పాతబడిన బ్యాటరీలోని లోహమును రాబట్టుటకును ఏల వినియోగపడరాదు?

1923లో పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. పలువురి చిన్నమొత్తములు చేరినగదా అట్టి సంస్థ నిలుచుట! నేడు మన పొదుపంతయు స్థలములలోను ఫ్లాటులలోను పూడిపోవుచున్నది. అందు కొంత ఈ పరిశ్రమలకు మరలనిండు. అయితే హరితమను పేరు చూచి మురిసిపోకుడు. లెక్కలడిగి, పూచీ చూచి, పిదపనే రూకలిండు.

ముందుగా రాబోవు సంఘ సమావేశమున మీ మిద్దెమాట ఎత్తుడు. అందరును సమ్మతించిన మొదటి మేడయే ఊరికి దారి చూపును.