తెల్లారగట్ల తిత్తి తడిమి చూడండి



సభ మొదలవక ముందే ఒక పెద్దావిడ గంపలో పెట్టను తెచ్చి నా ముందు దించారు. "డాక్టరుగారూ, మెడ కింద గడ్డ కట్టింది, కాస్త చూసి చెప్పండి" అన్నారు. తడిమాను. నిండుగానే ఉంది. అయినా "ఇప్పుడు ఏమీ చెప్పలేనమ్మా" అన్నాను. నా చదువు మీద ఆవిడకు అనుమానం వచ్చినట్టుంది. తప్పేం లేదు. ఆ మాట ఎందుకన్నానో చెప్పుకోవడానికే ఈ గంట సరిపోతుంది.

కోడికి పళ్ళు లేవు. ఏరుకున్నది ఏరుకున్నట్టే మింగేస్తుంది. మింగింది నేరుగా పొట్టలోకి పోదు. రొమ్ముకు పైన, మెడ మొదట్లో, కాస్త కుడి పక్కకు ఒక తిత్తి ఉంటుంది. అన్నవాహికే అక్కడ సంచిలా సాగింది. మేత ముందు అందులో చేరి, నాని, మెత్తబడి, కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. దిగాక పులుసు ఊరే చిన్న పొట్ట, దాని తర్వాత కందనకాయ. కూరలో మీరంతా ఏరుకొని తినే కందనకాయే! కోడికి తిరగలి అదే. కోడి మింగిన చిన్న చిన్న రాళ్ళు అందులో ఉండి గింజను నలగ్గొడతాయి. 18వ శతాబ్దంలో ఇటలీలో స్పల్లాంజానీ అనే శాస్త్రవేత్త సూదులు గుచ్చిన సీసపు ఉండలను సీమకోళ్ళ చేత మింగించి, తర్వాత కోసి చూశాడు. సూదులు విరిగి, మొనలు పోయి ఉన్నాయి గానీ కందనకాయకు గీత కూడా పడలేదు. పాపం ఆ కోళ్ళనడక్కండి, ఆ రోజుల్లో శాస్త్రం అలాగే నడిచింది.

ఇక అసలు సంగతి. పొద్దుగూకే ముందు కోడి ఆబగా తింటుంది. రాత్రంతా మేత ఉండదని దానికి తెలుసు. తిత్తి నింపుకొని గూటికెక్కి, చీకట్లో నిదానంగా అరిగించుకుంటుంది. కాబట్టి రాత్రి ఏడింటికి మెడ కింద నిమ్మకాయంత గట్టిగా తగిలితే అది జబ్బు కాదు, అది దాని రాత్రి భోజనం. అదే తిత్తి తెల్లారేసరికి ఖాళీ అయి, చేతికి వట్టి తోలులా తగలాలి. తెల్లారాక కూడా నిండుగా ఉంటే అప్పుడు కంగారు పడాలి. నేను చూసిన "అడ్డుపడిన" కోళ్ళలో చాలా వాటికి ఏ అడ్డూ లేదు. సాయంత్రం తడిమి చూసి, భయపడి, గొంతులో నూనె పోసేసిన కోళ్ళే ఎక్కువ.

అనుమానం ఉన్న పెట్టను ఆ రాత్రి మిగతా వాటి నుంచి విడదీసి గంప కింద వేయండి. మేత పెట్టొద్దు, నీళ్ళు మాత్రం ఉంచండి. కింద గడ్డి పరిచారంటే అదే తింటుంది, పాత గోనెసంచి వేస్తే చాలు. తెల్లారగట్ల, గింజ వేయకముందే తడమండి. పిండిముద్దలా, రాయిలా గట్టిగా తగిలితే మేత బిగుసుకుంది. నీళ్ళ సంచిలా అటూ ఇటూ ఊగుతూ, నోరు తెరిస్తే పులిసిన కల్లు వాసన కొడితే లోపల బూజు పట్టింది. ఖాళీగా ఉంటే గంప ఎత్తేసి మీ పని మీరు చూసుకోండి.

ఎందుకు బిగుసుకుంటుంది? పొడుగాటి గడ్డిపరకలు, వరిగడ్డి, కొబ్బరి పీచు, పాలిథిన్ ముక్కలు. ఇవి ఏ ఊరి కోడైనా తినేవే. మన మంగళగిరి పెట్టకు ఇంకొకటి దొరుకుతుంది, నూలు. నిజాం అంచు చీరలు నేసే ఇళ్ళ మధ్య బతికే కోడికి మగ్గం గుంట పక్కన ఊడ్చిపోసిన పోగులు పురుగుల్లా కనిపిస్తాయి కాబోలు. ఒకటి మింగుతుంది, దాని కొస ఇంకోదానికి చుట్టుకుంటుంది.

కొన్నేళ్ళ కింద ఓ నేతన్న పెట్టను తెచ్చాడు. రొమ్ము ఎముక కత్తిలా పైకి తేలింది, రెట్ట ఆకుపచ్చ నీళ్ళలా పడుతోంది. లోపలికి తిండి దిగనప్పుడు వట్టి పైత్యరసం అలాగే వస్తుంది. తిత్తి క్రికెట్ బంతిలా ఉంది. రెండు రోజులు ఇంట్లోనే అన్నీ చేశారు, నేనూ ఒక రోజు ప్రయత్నించాను. లాభం లేక తిత్తి కోశాను. లోపల నూకలూ గడ్డీ కలిపి చుట్టుకున్న దారపు ఉండ. కడిగి పళ్ళెంలో వేస్తే ఎరుపు పోగులు, పసుపు పోగులు విడివిడిగా తేలాయి. ఆయన వంగి చూసి, "ఇది దసరా ముందు దింపిన చీరండీ, ఈ రంగు మళ్ళీ వేయలేదు" అన్నాడు. అప్పటికి దసరా దాటి మూడు నెలలు. అంటే ఆ ఉండ అంతకాలంగా పెరుగుతోందన్నమాట. ఏ పరీక్షా నాకు అంత కచ్చితంగా చెప్పి ఉండేది కాదు.

ఇంకో కారణం మన ఊరు మారిపోవడం. మట్టి పెరళ్ళు పోయి సిమెంటు వచ్చింది. డాబా మీద పెంచే కోడికి రాయి దొరకదు. తిరగలికి రాయి లేకపోతే పిండి ఎలా దిగుతుంది? గిన్నెలో కందిగింజంత గరుకు రాళ్ళు పోసి ఉంచండి, దానికి కావలసినవి అదే ఏరుకుంటుంది. రాయితో పాటు మేతా సరిగ్గా ఉండాలి. కొందరు కోళ్ళకు తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తప్ప ఇంకేమీ వేయరు. 1890లలో జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు గమనించింది ఆ మేత చేసే చేటునే. పాలిష్ బియ్యపు అన్నం తిన్న కోళ్ళకు నరాలు చచ్చుపడి కాళ్ళు పడిపోయాయి, తవుడు పోని బియ్యం పెడితే లేచి తిరిగాయి. విటమిన్ల చదువుకు అది ఒక మొదలు. ఆయనకు 1929లో నోబెల్ వచ్చింది. మీ ఇంట తవుడు గేదెకే కాదు, కోడికీ గుప్పెడు పడనివ్వండి.

మిరపకాయలు తిని తిత్తి కాలిపోయిందని కూడా తెస్తుంటారు. కల్లంలో మిరప గింజలు ఏరుకునే కోడిని చూసి మనకు నోరు మండుతుంది గానీ దానికి మండదు. మిరపలోని ఘాటును పసిగట్టే ఏర్పాటు పక్షుల నరాల్లో మనలా లేదు. భయపడాల్సింది కారానికి కాదు, కాయ మీద కొట్టిన మందుకు, విత్తే పత్తి గింజకు పట్టించిన రంగు మందుకు. చొంగ కారుతూ, తూలుతూ, తిత్తి జారిపోయినట్టుంటే అది విషం. నూనెలూ నొక్కుళ్ళూ పెట్టుకోకుండా అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

సరే, బిగుసుకుందని తేలింది. ఏం చేయాలి? ఒక రోజు మేత ఆపండి. గోరువెచ్చని నీళ్ళు ముందు పెట్టండి, తనంతట తాను తాగితే అంతకు మించింది లేదు. తాగకపోతే సూది తీసేసిన సిరంజితో ముక్కు పక్క నుంచి, గొంతులో దాని కుడి వైపుకు, చుక్కలు చుక్కలుగా వేయండి. ఒకసారికి 5 మిల్లీలీటర్లు దాటొద్దు. ఎదిగిన పెట్టకైతే చిన్న చెంచాడు కొబ్బరినూనె గానీ వేరుశనగ నూనె గానీ అలాగే వేయొచ్చు. పావుగంట ఆగి బొటనవేలూ రెండు వేళ్ళతో తిత్తిని మెల్లగా మెదపండి. పూరీ పిండి మెత్తబరిచినట్టు, అంతకన్నా సుకుమారంగా. అయిదు నిమిషాలు చాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. పట్టుకునేటప్పుడు రొమ్ము బిగించి పట్టకండి. కోడికి మనలా ఊపిరి పీల్చడానికి విభాజక పటలం లేదు, రొమ్ము ఆడితేనే ఊపిరి ఆడుతుంది. బిగిస్తే చేతుల్లోనే పోతుంది.

తలకిందులు చేసి పిండి కక్కించే వాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కోడి నాలుక వెనకే ఊపిరి గొట్టం నోరు తెరుచుకొని ఉంటుంది. మనకున్నట్టు దానికి మూత లేదు. మన కొండ మీద పానకాల స్వామి, మనం పోసిన పానకంలో సగం తాగి సగం వెనక్కి ఇస్తాడంటారు. తిత్తి నిండిన కోడీ సగం వెనక్కే ఇస్తుంది, కాకపోతే ఆ సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాలా కోళ్ళను చంపేది అడ్డు కాదు, ఆ గుటకే. ఇంకోమాట, నీరసంగా ఉందని బెల్లం పానకం పోయకండి. తిత్తిలో బూజుకు తీపి పండగ. పుల్లటి వాసన వచ్చే తిత్తికి నూనె కూడా వద్దు. దానికి బూజును చంపే మందు కావాలి, అది డాక్టరు రాయాలి.

ముద్ద కరిగి తిత్తి మెత్తబడితే, రెట్ట మళ్ళీ మామూలుగా పడితే గెలిచినట్టే. రెండు మూడు రోజులు చిదిమిన ఉడికించిన గుడ్డు, తడిపిన తవుడు కొంచెం కొంచెం పెట్టండి. గింజా గడ్డీ వద్దు. రెండు రోజులకూ కదలకపోతే ఆసుపత్రికి తీసుకురండి. రాలేని వాళ్ళు 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. బ్లేడుతో కోసి, బట్టలు కుట్టే సూదితో కుట్టేసిన చేతులను నేను తిట్టను. కొన్ని బతికాయి కూడా. కానీ తిత్తి గోడను వేరుగా, పైతోలును వేరుగా, రెండు వరుసలు కుట్టాలి. ఒకే కుట్టు వేస్తే లోపలి మేత తోలు కిందికి కారి కుళ్ళుతుంది. మత్తు మందూ కొలత దాటితే కోడికి ప్రమాదమే.

"ఒక్క పెట్టకు ఇంత ఎందుకు, కూర వండేస్తే పోలా" అని వెనక ఎవరో గొణుగుతున్నారు, వినపడింది. ఒక్క కోడికే ఇలా ఉంటే అది మీ ఇష్టం, మందులు వాడకపోతేనే. అయితే ఇంట్లో రెండు మూడు కోళ్ళు ఒకేసారి ముడుచుకుంటే, మెడలు తిప్పేస్తుంటే, పచ్చగా పారుతుంటే, అది తిత్తి జబ్బే కాదు. కొక్కెర తెగులు కావచ్చు. దానిలోనూ తిత్తి నీళ్ళతో నిండుతుంది. ఇంకా ఘోరమైనదీ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. ఆ మార్చిలో పల్నాడు నుంచి వచ్చిన ఒక పసిబిడ్డ అదే వైరస్‌తో మన మంగళగిరి ఎయిమ్స్‌లోనే కన్నుమూసింది. అలాంటి కోడిని కోయొద్దు, ఈకలు పీకొద్దు, పచ్చి మాంసం దగ్గరికి పిల్లల్ని రానివ్వొద్దు. పశువైద్యశాలకు కబురు పెట్టండి.

గంప తెచ్చిన అమ్మగారూ, మీరు వెళ్ళకండి, మీతోనే చెబుతున్నాను. మీ పెట్ట ఇందాక సభ బయట శనగలు ఏరుకుంటుంటే నేను చూశాను. ఈ రాత్రికి ఇక ఏమీ పెట్టకండి, గంప కింద గోనె వేసి నీళ్ళ గిన్నె ఉంచండి. రేపు పొద్దున ఆరింటికి, గింజ వేయకముందు, మీరే ఒకసారి తడమండి. గట్టిగా ఉంటే అలాగే గంపతో తీసుకురండి, ఇక్కడే ఉంటాను.